పాత ఇంటి పెరట్లో పాత నాణేలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పాతకాలపు ఇళ్ల ఆవరణలో మెటల్ డిటెక్టర్‌తో నాణేలు వెతకడం గురించి స్వదేశం నుంచీ విదేశాల నుంచీ పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: న్యూజెర్సీలో 1840 ప్రాంతంలో కట్టిన ఒక ఇంటిని మేము కొనుక్కున్నాం. ఇంటి వెనక పెద్ద పెరడు, ముదురు చెట్లు ఉన్నాయి. పిల్లలు మెటల్ డిటెక్టర్ కొనమని అడుగుతున్నారు. సొంత పెరట్లో వెతుక్కోవడానికి కూడా అనుమతి అవసరమా? అసలు ఏం దొరికే అవకాశం ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

సమాధానం: మీ సొంత స్థలంలో వెతకడానికి సాధారణంగా అడ్డు లేదు. ఇల్లు చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో నమోదై ఉన్నంత మాత్రాన సొంత డబ్బుతో నడుచుకునే యజమానికి ఆంక్షలు పడవు. అయితే కొన్ని ఊళ్లలో స్థానిక వారసత్వ సంఘాలు అదనంగా నియమాలు పెట్టుకుంటాయి. కొన్ని పాత ఇళ్ల దస్తావేజుల్లో నేలను, కట్టడాన్ని మార్చకూడదన్న షరతులు ముందు యజమానుల కాలంలోనే చేరి ఉంటాయి. కాబట్టి యంత్రం కొనేముందు దస్తావేజును ఒకసారి తీరిగ్గా చదవండి, పురపాలక కార్యాలయంలో ఒక మాట అడగండి. మీ కంచె దాటితే మాత్రం పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. 1779-80 చలికాలంలో వాషింగ్టన్ సైన్యం విడిది చేసిన మోరిస్‌టౌన్ మీ రాష్ట్రంలోనే ఉంది. అది ఇప్పుడు జాతీయ చారిత్రక ఉద్యానవనం. అలాంటి చోట తవ్వడం మాట అలా ఉంచి, వాడకానికి సిద్ధంగా ఉన్న డిటెక్టర్‌ను చేతపట్టుకుని తిరగడమే నేరం. ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువులను 1979 నాటి చట్టం కాపాడుతుంది.

తవ్వడానికి కొన్ని రోజుల ముందు 811 నంబరుకు ఫోన్ చేసి చెబితే, గ్యాసు, విద్యుత్తు సంస్థల వారు వచ్చి తమ గొట్టాలు, తీగలు నేలలో ఎక్కడున్నాయో ఖర్చు లేకుండా గుర్తులు పెట్టి వెళతారు. పిల్లలున్నారు గనుక ఇంకొక్క జాగ్రత్త కూడా చెప్పాలి. 1978కి ముందు వేసిన ఇంటి రంగుల్లో సీసం ఉండేది. ఆ రంగు పెచ్చులుగా రాలి గోడల పక్కన మట్టిలో కలిసిపోయి ఉంటుంది. అందువల్ల గోడ వారగా పిల్లల చేత తవ్వించకండి, ఎక్కడ తవ్వినా చేతులకు తొడుగులు వేయించండి, లోపలికి వచ్చాక సబ్బుతో కడిగించండి.

ఇక ఏం దొరుకుతుందన్న ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. 1840లో మీ ఇంటి మెట్లు దిగిన మనిషి జేబులో ఒక్క అమెరికా నాణేలే ఉండేవి కావు. స్పానిష్ వెండి రియాల్ నాణేలు ఆ దేశంలో 1857 వరకు చట్టబద్ధంగా చెల్లాయి, కాబట్టి అరిగిపోయిన స్పెయిన్ రాజు ముఖం మీ పెరట్లో కనిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. 1793 నుంచి 1857 వరకు వచ్చిన రాగి సెంటు ఇప్పటి సెంటుకన్నా చాలా పెద్దది, బరువైనది. యంత్రం దాన్ని గట్టిగా పట్టి చూపిస్తుంది. 1859 నుంచి 1909 వరకు ఈకల కిరీటం ధరించిన తల ఉన్న సెంట్లు, ఆ తరువాత 1958 దాకా వెనకవైపు గోధుమ కంకులున్న లింకన్ సెంట్లు వచ్చాయి. పది సెంట్ల, పాతిక సెంట్ల నాణేల్లో 1964 వరకు తొంభై శాతం వెండి ఉండేది. మీ రాష్ట్రానికే చెందిన నాణెం ఒకటుంది: 1786 నుంచి 1788 వరకు తేదీలు వేసి న్యూజెర్సీ ముద్రింపించుకున్న రాగి నాణెం. ఒకవైపు గుర్రం తల, దాని కింద నాగలి, చుట్టూ ‘నోవా సిజేరియా’ అన్న లాటిన్ పేరు. రెండోవైపు డాలు, ‘ఇ ప్లూరిబస్ యూనమ్’ అన్న నినాదం. ఆ నినాదం మొదటిసారి అచ్చయిన అమెరికా నాణెం ఇదే. ఇల్లు కట్టకముందు ఆ స్థలం పొలంగానో బాటగానో ఉండి ఉంటే, అలాంటిది కూడా మీకు ఎదురు కావచ్చు.

వెతకడం మొదలుపెట్టవలసింది మనుషులు వంగిన చోట, కూర్చున్న చోట, బరువులు మోసిన చోట. వెనకవైపు మెట్ల పక్క, బట్టలు ఆరేసే తీగ ఉండే చోటు, పెద్ద చెట్టు నీడ, బావి చుట్టుపక్కల, వీధి గుమ్మం నుంచి ఇంటిదాకా ఉన్న పాత బాట. జేబులోంచి జారిన నాణెం గడ్డిలో పడి, ఏటేటా రాలే ఆకుల మట్టికీ వానపాముల పనికీ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. చిన్న స్థలాన్నయినా దారాలు కట్టి గళ్లుగా విడదీసుకుని, ఒక్కొక్క గడిని రెండు దిక్కుల నుంచీ నెమ్మదిగా చూడండి.

మొదటి వారాల్లో మీకు ఎక్కువగా దొరికేవి మేకులే, నిరుత్సాహపడకండి. ఇనుము పక్కన ఉన్న నాణెం ఇనుము మోతలో వినపడకుండా పోతుంది. ఈ చిక్కు యంత్రం పుట్టుకతోనే ఉంది. 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి టెలిఫోన్ నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తెచ్చి ప్రయత్నించాడు, తూటా దొరకలేదు, పరుపు కింద ఉక్కు తీగలు ఉన్నాయని బెల్‌కు ఆ తరువాత తెలిసింది. మరో చిక్కు ఏమిటంటే, శీతల పానీయం డబ్బా మూతకుండే అల్యూమినియం చెవి, ఐదు సెంట్ల నికెల్ నాణెం, సన్నటి బంగారు ఉంగరం యంత్రం తెరపై దాదాపు ఒకే సంఖ్యను చూపిస్తాయి. చెత్తను తప్పించుకోవాలని ఆ సంఖ్యను వదిలేసేవారు ఉంగరాన్ని కూడా వదిలేసుకున్నట్టే.

మోగిన చోట పచ్చికను మూడువైపులా మాత్రమే కోసి, నాలుగోవైపు వేళ్లు తెగకుండా మూతలా పైకి లేపండి. తీసిన మట్టిని పక్కన పరిచిన గుడ్డమీద పోసి చూసి, తిరిగి అదే గుంటలో నింపి, పచ్చికను అదిమి, నీళ్లు పోయండి. నాణేన్ని చేతిలోకి తీసుకోకముందే అది ఎంత లోతున ఉందో కొలిచి, ఇంటి మూల నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసి, ఫోటో తీయండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అందరూ దాటవేసేది ఇదే. 1850ల నాటి సెంటు బజారులో డబ్బు పెడితే దొరుకుతుంది. అది మీ వంటింటి వెనక, ఫలానా లోతున, బొగ్గు మసి పొరకు కింద పడి ఉందన్న సంగతి ఎక్కడా దొరకదు. ఆ మసి పొర పాత వంటశాలదైతే, ఆ వంటశాల ఎప్పటిదో చెప్పగలిగేది ఆ ఒక్క నాణెమే. అలాగే జేబులోంచి జారిన ఇటీవలి సెంటు ఒకటి అడుగు లోతున కనిపిస్తే, ఆ నేలను ఈమధ్య ఎవరో తిరగేశారని అర్థం. అక్కడి లోతులను నమ్మకూడదు.

ప్రశ్న: ఇంగ్లండులో ఒక పల్లెలో మూడు వందల ఏళ్ల నాటి ఇంట్లో అద్దెకుంటున్నాం. తోటలో డిటెక్టర్ వాడుకోవచ్చునా? దొరికినది ఎవరికి చెందుతుంది?
(ఒక పాఠకుడు, ఇంగ్లండు)

సమాధానం: ఇంటి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే వాడండి, దొరికినదాన్ని ఎలా పంచుకోవాలో ఆ కాగితం మీదే రాసుకోండి. మీ స్థలం ప్రభుత్వం రక్షిత స్మారకంగా ప్రకటించిన ప్రాంతంలో ఉంటే యజమాని ఒప్పుకున్నా చాలదు, ప్రత్యేక అనుమతి కావాలి.

1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం, మూడు వందల ఏళ్లు దాటి, పది శాతమైనా బంగారమో వెండో ఉన్న నాణేలు ఒకే చోట రెండు, అంతకు మించి దొరికితే అది నిధి కిందికి వస్తుంది. రాగి వంటి లోహపు నాణేలైతే పది ఉండాలి. అది నిధి అని తెలిసిన పద్నాలుగు రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలియజేయాలి. మ్యూజియం దాన్ని తీసుకుంటే, కట్టిన విలువను సాధారణంగా దొరికించుకున్నవారికీ స్థలం యజమానికీ పంచుతారు. విడిగా దొరికిన ఒక్క నాణెం సాధారణంగా ఈ చట్టంలోకి రాదు, కానీ జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసుకోవడానికి 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ పథకం అధికారి ప్రతి జిల్లా ప్రాంతానికీ ఉంటారు. వారికి చూపించి నమోదు చేయించండి. స్కాట్లండుకు మారితే మాత్రం అక్కడి నియమాలు వేరు, ఇంకా కఠినం.

1992 నవంబరులో సఫోక్‌లోని హాక్స్‌నే పల్లెలో జరిగినదాన్ని ఈ అభిరుచి ఉన్న ప్రతివారూ తెలుసుకోవాలి. ఒక రైతు పొలంలో పోగొట్టుకున్న సుత్తిని వెతికిపెట్టడానికి ఆయన స్నేహితుడు ఎరిక్ లాస్ డిటెక్టర్‌తో వెళ్లాడు. బంగారు, వెండి వస్తువులు బయటపడడం మొదలవగానే ఆయన మొత్తం తవ్విపోసుకోకుండా ఆగిపోయాడు, అధికారులకు కబురు చేశాడు. పురావస్తు నిపుణులు వచ్చి పొరపొరగా తీసినందువల్ల, దాదాపు 15,000 రోమన్ నాణేలతో పాటు, అవి ఒక చెక్కపెట్టెలో సర్ది ఉన్నాయనీ, లోపలి చిన్న పెట్టెలకు బుల్లి వెండి తాళాలు ఉన్నాయనీ, ఏ వస్తువును దేని పక్కన పెట్టారనీ కూడా తెలిసింది. కొయ్య ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. గునపంతో పెళ్లగించి ఉంటే ఆ పెట్టె ఉండేదని కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఆ నిధి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వెతకబోయిన సుత్తి కూడా దొరికింది, అది కూడా అక్కడే ఉంది.

మీలాంటి తెలుగువారికి పనికివచ్చే సంగతి ఇంకొకటి. 1809 జనవరిలో కెంట్ తీరంలోని గుడ్విన్ ఇసుకదిబ్బల మీద ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ మునిగిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చలామణీ కోసం 1808 తేదీతో ముద్రించిన ఈస్టిండియా కంపెనీ రాగి కాసులు అందులో టన్నులకొద్దీ ఉన్నాయి. ఇంగ్లండులో అలాంటి పది కాసుల, ఇరవై కాసుల నాణెం అమ్మకానికి కనిపిస్తే, అది మన ఊళ్లకు బయలుదేరి చేరకుండా పోయిన సరుకులోనిదే అయ్యే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: కోనసీమలో మా తాతల నాటి మండువా లోగిలిని పడగొట్టి స్థలం పంచుకోబోతున్నాం. ఇంట్లో లంకెబిందెలు ఉన్నాయని చిన్నప్పటి నుంచి వింటున్నాం. డిటెక్టర్ అద్దెకు తెచ్చి చూద్దామని కొందరు దాయాదులు అంటున్నారు. ఇది చట్టప్రకారం సరైనదేనా?
(ఒక పాఠకుడు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా)

సమాధానం: యంత్రం కన్నా ముందు కాగితం. ఉమ్మడి ఆస్తి గనుక వాటాదారులందరి సంతకాలతో ఒప్పందం రాసుకోండి. ఒకరికి తెలియకుండా మరొకరు తవ్విన చోట మొదట తెగేది బంధుత్వమే. మీ ఇంటి దగ్గరలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి గాని కట్టడం గాని ఉంటే, దానికి నూరు మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ నిర్మాణాలకూ తవ్వకాలకూ వారి అనుమతి లేకుండా దిగకండి.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాచి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, అది ఏమిటో, ఎంతో, ఎక్కడ, ఏ తేదీన దొరికిందో రాసి జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని మూల చట్టం చెబుతుంది. పది రూపాయలన్నది ఆనాటి లెక్క. ఇప్పుడు దానిలోకి రాని నాణెం దాదాపు ఉండదు. వస్తువును ఖజానాలో అప్పగించాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇస్తారు, హక్కు చెప్పుకునేవారిని పిలుస్తారు. నూరేళ్ల లోపు మా పెద్దలే దాచారని మీరు చెబితే, దాన్ని సివిల్ కోర్టులో నిరూపించుకునే గడువు ఇస్తారు. యజమాని ఎవరో తేలని నిధి అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెడితే మాత్రం ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెబితే అంతా పోతుందన్న భయంతోనే చాలామంది చెప్పరు. చట్టాన్ని చదివితే ఆ భయానికి ఆధారం లేదని మీకే తెలుస్తుంది.

లంకెబిందెల మాట పక్కన పెట్టి, నిజంగా దొరికే వాటి గురించి చెబుతాను. ద్వారబంధం కింద, ఈశాన్య మూల పునాదిలో నాణేలు, నవధాన్యాలు, పంచలోహపు ముక్కలు ఉంటాయి, ఎందుకంటే శంకుస్థాపన నాడూ గడప ఎత్తిన నాడూ మీ పెద్దలే వేశారు. వాటి బజారు విలువ తక్కువ కావచ్చు గాని, మీ ఇల్లు ఎప్పుడు కట్టారో చెప్పే సాక్ష్యం అంతకు మించినది లేదు. గడప కింది నాణేల్లో చివరి తేదీ 1862 అయితే, ఆ గడపను అంతకు ముందు ఎత్తి ఉండరు. పడగొట్టే పనివాళ్లు గడప పెళ్లగించే రోజున ఇంటివాళ్లు ఒకరు తప్పకుండా దగ్గరుండాలి. జేసీబీ వచ్చాక అడిగితే లాభం లేదు.

అరుగుల ముందు, నూతి గట్టు దగ్గర, పశువుల కొట్టంలో విడి నాణేలు దొరుకుతాయి. నడుమ చిల్లు ఉన్న 1943-47 నాటి కానీలు, 1835 తరువాతి పావు అణాలు, ఇరవై కాసులు సాధారణం. అదృష్టముంటే ‘48 టు వన్ రుపీ’ అని ఇంగ్లిషులో రాసి ఉన్న 1794 లేదా 1797 రాగి నాణెం కనిపిస్తుంది. ఇది ప్రత్యేకంగా ఉత్తర సర్కారుల కోసం, అంటే మీ ప్రాంతం కోసం, కంపెనీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో యంత్రాలతో కొట్టించినది. నన్నడిగితే, మీ పెరట్లో అది ఒకటి దొరకడం బిందె దొరకడం కన్నా గొప్ప సంగతి.

ఇక నిజంగానే కుండ గాని చెంబు గాని తగిలితే, మూత తీయకుండా, కదపకుండా, పైన గోనె కప్పి తహసీల్దారుకు కబురు చేయండి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డం తగిలింది. తవ్విచూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండలో ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారంగా అమ్ముకున్నాడు. చాలావరకు కరిగిపోయాయి, నవాబు కుటుంబం చేతికి వచ్చిన ముప్పైకి పైగా నాణేలే మిగిలాయి. రోమన్ బంగారం ఒక గుడి కింద ఎందుకు ఉంది, ఆ గుడి ఏ కాలానిది, ఎన్ని నాణేలు, ఏ తేదీతో ఆగిపోయాయి అన్న ప్రశ్నలకు జవాబులన్నీ కంసాలి మూసలో కరిగిపోయాయి. దీనికి భిన్నంగా, గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన వంశ స్థాపకుడు సిముకుడి పేరున్న నాణేలు, ఆయనకు ముందటి పాలకుల నాణేలు దొరికినప్పుడు వాటి చోటును నమోదు చేశారు. శాతవాహనుల తొలినాళ్ల గురించి చరిత్రకారులు మళ్లీ ఆలోచించవలసి వచ్చింది. అవే నాణేలు చోటు తెలియకుండా ఏ దుకాణంలోనో కనిపించి ఉంటే ఆ వాదనకు బలం ఉండేది కాదు.

మరో మాట. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. విదేశాల్లో ఉన్న వాటాదారులు జ్ఞాపకంగా ఒకటి పెట్టెలో వేసుకుని వెళ్లడం కూడా అక్రమ ఎగుమతి కిందికి వస్తుంది.

ప్రశ్న: ముప్పై అడుగుల లోతున ఉన్న బంగారాన్ని కూడా చూపించే యంత్రం ఉందంటూ ఒకరు మా గ్రామంలో తిరుగుతున్నారు. నమ్మవచ్చునా?
(ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా)

సమాధానం: నమ్మవద్దు. డిటెక్టర్ తీగచుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహంలో దానివల్ల పుట్టిన విద్యుత్తు మరో క్షేత్రాన్ని తిరిగి పంపుతుంది. యంత్రం వినేది దాన్నే. చిన్న వస్తువు నుంచి తిరిగివచ్చే ఆ సంకేతం, దూరం రెండింతలైతే దాదాపు అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మంచి యంత్రానికైనా ఒక్క నాణెం జానెడు లోతు దాటితే అందడం కష్టం. పెద్ద బిందె లాంటిది మరికొంత లోతులో తెలుస్తుంది గాని, ముప్పై అడుగుల మాట పూర్తిగా అబద్ధం. గోల్ఫ్ బంతులు వెతికేదని అమ్మిన ఉత్తుత్తి పుల్లనే బాంబులను పట్టే పరికరమని ప్రభుత్వాలకు అంటగట్టిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల శిక్ష వేసింది. మీ ఊళ్లో తిరిగే యంత్రం ఆ జాతిదే. వెంట పూజలు చేసే మనిషి కూడా ఉంటే, ఆలస్యం చేయకుండా పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: పెరట్లో దొరికిన రెండు నాణేలను చింతపండుతో తోమి మెరిపించాం. ఒకదానిపై సీతారాముల బొమ్మ, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 తేదీ ఉన్నాయి. దీనికి బియ్యపు గింజలను లాగే శక్తి ఉందనీ, లక్షలు పలుకుతుందనీ ఒకరు అంటున్నారు.
(ఒక పాఠకురాలు, కర్నూలు)

సమాధానం: సీతారాముల నాణెం కంపెనీ టంకశాలల్లో అచ్చయినది కాదు. కంపెనీ మద్రాసులో విష్ణుమూర్తి రూపంతో వరహాలు ముద్రించిన మాట నిజమే గాని, 1818 వంటి తేదీలతో వచ్చే రామ దర్బారు బిళ్లలు తరువాతి కాలంలో పూజకూ అమ్మకానికీ తయారుచేసినవి. భక్తితో దేవుడి గదిలో పెట్టుకోండి, డబ్బు పెట్టి కొనకండి. బియ్యాన్ని లాగే నాణెం లోకంలో లేదు. ‘రైస్ పుల్లింగ్’ పేరుతో పరీక్షకని, ధ్రువపత్రానికని ముందుగా డబ్బు గుంజేవారి మీద మన రెండు రాష్ట్రాల్లోనూ కేసులు నమోదవుతూనే ఉన్నాయి.

రెండో నాణేన్ని ఇకమీదట తోమకండి. రాగిపై కట్టిన గట్టి పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. చింతపండు పులుపు ఆ పొరతో పాటు సన్నటి అక్షరాలను కూడా తినేస్తుంది, మెరుపు వచ్చిన నాణేనికి సేకర్తల దగ్గర ధర పడిపోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది, నీడలో ఆరనివ్వండి. పొడిపొడిగా రాలే లేతాకుపచ్చ చిలుము కనిపిస్తే మాత్రం అది నాణేన్ని తింటోందని అర్థం. దాన్ని తడి తగలకుండా విడిగా ఉంచి, మ్యూజియం రసాయన విభాగం వారికి చూపించండి. పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి, ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, దాని మీద దొరికిన చోటు, లోతు, తేదీ పెన్సిలుతో రాయండి.